ఏడో తరగతి చదువు, కళ్లద్దాలు, ఇంట్లో షుగరు: హెవీ లైసెన్సు వస్తుందా?

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. వయసు 23, ఊరు పూతలపట్టు దగ్గర, కారు లైసెన్సు వచ్చి రెండేళ్లయింది. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది, చిన్నప్పటి నుంచి కళ్లద్దాలు ఉన్నాయి. లారీ నడపడానికి హెవీ లైసెన్సు ఇస్తారా, మెడికల్‌లో తీసేస్తారా అన్నది మొదటి ప్రశ్న. మీ నాయనకు 54, పాత హెవీ డ్రైవరు, ఐదేళ్లుగా షుగరు ఉంది, ఆయన లైసెన్సు రెన్యువల్ అవుతుందా అన్నది రెండోది.

ఇద్దరికీ వస్తుంది. నీ చదువూ అడ్డం కాదు, కళ్లద్దాలూ అడ్డం కావు. మీ నాయనకు కూడా షుగరు ఉన్నంత మాత్రాన ఎవరూ ఆపరు. ఆ షుగరు ఆయన కళ్లనూ పాదాలనూ ఏం చేసిందన్నదే అసలు సంగతి. కాబట్టి ఇద్దరికీ నేను చెప్పే మొదటి పని ఒకటే: డ్రైవింగ్ స్కూల్లో ఒక్క రూపాయి కట్టకముందే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. ముందు ఫీజు కడతారు, నెల రోజులు స్టీరింగ్ తిప్పుతారు, చివర్లో మెడికల్ కాగితం కోసం పరుగెత్తుతారు. అప్పుడు కంట్లో ఏదైనా తేలితే డబ్బు పోయిందన్న బాధతో దాన్ని దాచడానికి దారులు వెతుకుతారు.

నేను డాక్టర్ని కాను, ఆర్టీఓ ఆఫీసు మనిషినీ కాను. 19 ఏళ్లు హెవీ నడిపాను. మొదట బంగారుపాళ్యం మామిడి, మదనపల్లె టమోటా, తర్వాత చెన్నై హార్బరుకు గ్రానైటు. ఇప్పుడు ఎనిమిదేళ్లుగా చిత్తూరు దగ్గర ఒక డ్రైవింగ్ స్కూల్లో హెవీ నేర్పిస్తున్నాను. నాకూ షుగరు ఉంది. అది ఎలా బయటపడిందో కిందకొచ్చాక చెప్తాను.

ముందు అర్హత సంగతి తేల్చేద్దాం. ట్రాన్స్‌పోర్ట్ బండి నడపడానికి చట్టం అడిగే వయసు 20. దానితో పాటు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు, అంటే కారు లైసెన్సు, చేతికొచ్చి కనీసం ఏడాది అయి ఉండాలి, అప్పుడే హెవీకి ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే తాత్కాలిక లైసెన్సు, ఇస్తారు. నీకు రెండూ ఉన్నాయి. చదువు చాలదని మీ ఊళ్లో ఎవరైనా చెప్పి ఉంటే అది పాత మాట. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసవ్వాలని ఒకప్పుడు నిబంధన ఉండేది. 2019 సెప్టెంబరులో కేంద్రం దాన్ని తీసేసింది. ఇప్పటికీ కొందరు ఏజెంట్లు ఆ పాత రూలు చూపించి, "సర్టిఫికెట్ మేం పుట్టిస్తాంలే" అని డబ్బు గుంజుతున్నారు. అవసరమే లేని కాగితానికి దొంగ సర్టిఫికెట్ పెట్టి కేసు తెచ్చుకోవద్దు.

ఒక్క చోట మాత్రం చదువు అడ్డం వస్తుంది. పెట్రోలు, గ్యాస్, యాసిడ్ లాంటివి మోసే ట్యాంకర్లు ఎక్కాలంటే ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలి. మూడు రోజుల ప్రత్యేక శిక్షణ తీసుకుని లైసెన్సు మీద ఆ అనుమతి వేయించుకోవాలి. అది మూడేళ్లకే చెల్లుతుంది. ఇప్పుడే దాని జోలికి పోవద్దు. మామూలు లోడు నాలుగేళ్లు మోసిన తర్వాత ఆలోచించు.

ఇంకో మాట అడగాలి. నీకు నిజంగా హెవీ కావాలా? పూతలపట్టు, కాణిపాకం వైపు కుర్రాళ్లలో సగం మంది నా దగ్గరికి వచ్చేది పికప్‌లో పాలో మామిడో తోలడానికి. దానికి హెవీ అక్కర్లేదు. మొత్తం బరువు, అంటే లోడుతో కలిపి బండి పుస్తకంలో రాసి ఉండే బరువు, 7,500 కిలోలు దాటని ట్రాన్స్‌పోర్ట్ బండిని మామూలు కారు లైసెన్సుతో నడపొచ్చని సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం 2024 నవంబరు 6న తేల్చి చెప్పింది. టాటా ఏస్, బొలెరో పికప్ ఆ లెక్కలోకే వస్తాయి. 7,500 దాటి 12,000 లోపు ఉన్నవి మీడియం, 12,000 దాటితే హెవీ. నీ మనసులో ఉన్నది పది టైర్లు, పన్నెండు టైర్ల బండి అయితేనే కింద రాసింది నీకు పనికొస్తుంది.

నేర్చుకునే దారి ఇలా ఉంటుంది. ఆన్‌లైన్‌లో నీ లైసెన్సుకు కొత్త క్లాసు కలపమని దరఖాస్తు పెడితే ఎల్‌ఎల్‌ఆర్ వస్తుంది. అది ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టుకు వెళ్లాలి. హెవీకి డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్, అంటే ఫారం 5, తప్పనిసరి. నిబంధన ప్రకారం శిక్షణ కనీసం 30 రోజులు, అందులో నువ్వు స్వయంగా స్టీరింగ్ పట్టేది 15 గంటలకు తగ్గకూడదు. ఈ 15 గంటల దగ్గరే మోసం జరుగుతుంది. ఒక బండిలో ఎనిమిది మందిని ఎక్కించి, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు ఇచ్చి, నెల తిరిగేసరికి ఫారం చేతిలో పెట్టే చోట్లు ఉన్నాయి. చేరే ముందు ఒక ఉదయం వెళ్లి గేటు దగ్గర నిలబడు, బండిలో ఎంతమంది ఎక్కుతున్నారో లెక్క పెట్టు. సర్కారు ఫీజులు పెద్దవేం కావు. కేంద్రం 2016 చివర్లో పెట్టిన రేట్ల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కు 150, డ్రైవింగ్ టెస్టుకు 300, కొత్త క్లాసు కలపడానికి 500. సర్వీసు చార్జీలు, కార్డు ఖర్చులు వేరు. ఖర్చంతా స్కూలు ఫీజులోనే ఉంటుంది.

క్లీనరుగా ఎక్కి, రాత్రిళ్లు డ్రైవరు పక్కన కూర్చుని, పలమనేరు దాటాక ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ అందుకుని నేర్చుకోవడం మా కాలపు పద్ధతి. నేనూ అలాగే నేర్చుకున్నాను, అబద్ధం చెప్పను. ఇప్పుడు అలా చేయొద్దు. లైసెన్సు లేకుండా నడిపినవాడికి 5,000, బండి చేతికిచ్చినవాడికి మరో 5,000 జరిమానా, జైలు శిక్ష కూడా చట్టంలో ఉంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు బాధితుడికి కట్టేసి, ఆ డబ్బు ఓనరు దగ్గర రాబట్టుకోవడానికి కోర్టుకు వెళ్తారు. ఓనరు ఇల్లు అమ్ముకున్న కథలు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల దగ్గర టీ తాగుతూ కూర్చుంటే బోలెడు వినబడతాయి.

ఇక నీ టెన్షన్ అంతా దేని గురించో ఆ మెడికల్. చాలామంది కుర్రాళ్లు మిలిటరీ సెలక్షన్ లాగా ఊహించుకుంటారు. ఎత్తు, ఛాతీ, బరువు ఏవీ కొలవరు. ఉండేవి రెండు కాగితాలు. ఫారం 1 నీ గురించి నువ్వు రాసి సంతకం పెట్టేది. ఫారం 1ఏ డాక్టర్ నిన్ను పరీక్షించి ఇచ్చేది. సొంత కారుకైతే 40 దాటినవాళ్లనే ఈ రెండోది అడుగుతారు. లారీకి ఏ వయసులోనైనా కావాలి, ప్రతి రెన్యువల్‌కూ మళ్లీ కొత్తది కావాలి.

ఫారం 1ఏలో డాక్టర్ చూడాల్సినవి ఇవీ. కంటి చూపులో లోపం ఉందా, ఉంటే అద్దాలతో సరిపోయిందా. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలడా. రంగుల తేడా తెలియనంత తీవ్రమైన వర్ణాంధత్వం ఉందా. రేచీకటి ఉందా. హారను వినబడనంత చెవుడు ఉందా. చేతులు, కాళ్లు, కీళ్లు డ్రైవింగ్‌కు అడ్డం వచ్చేలా ఉన్నాయా. బ్లడ్ గ్రూపు రాయించుకోవచ్చు, అది నీ ఇష్టం. ఇంతే. అద్దాలతో చూపు సరిపోతే సరిపోయినట్టేనని ఫారమే ఒప్పుకుంటోంది కదా, నీకు భయమెందుకు?

25 మీటర్ల పరీక్ష ఇంటి దగ్గరే చేసుకో. టేపుతో కొలిచి, పట్టపగలు, అద్దాలు పెట్టుకుని, ఒక్కో కన్ను మూసి ఎవరి కారు నంబరైనా చదువు. రెండు కళ్లూ తెరిచి చదివితే నిన్ను నువ్వు మోసం చేసుకున్నట్టే. మంచి కన్ను చెడ్డ కన్నును దాచేస్తుంది. కారు వాళ్లకు ఉండే సడలింపులు లారీకి లేవు. లైసెన్సు తీసుకుని ఐదేళ్లు దాటాక ఒక కన్ను చూపు పోయినవాళ్లకు సొంత కారు విషయంలో కొంత వెసులుబాటు ఉంది, ట్రాన్స్‌పోర్ట్ బండికి లేదు. చెవిలో మిషన్ పెట్టుకుని హారను వింటానంటే కారుకు ఒప్పుకుంటారు, లారీకి ఒప్పుకోరు.

అద్దాల గురించి నా దగ్గర ఒకటే పట్టుదల ఉంది. నా స్టూడెంట్లకు రెండో జత లేకుండా ఘాట్ క్లాసు చెప్పను. లోడు దింపుతుంటే కింద పడి పగులుతాయి, తాడు తగిలి ఎగిరిపోతాయి. ఆ రాత్రి బండి ఆపుకుని కూర్చోవాలి, లేదా మసక కళ్లతో నడపాలి. ఎవరైనా రెండోదే చేస్తారు, ఎందుకంటే అవతల చెన్నై కోయంబేడు మార్కెట్లో సరుకు తెల్లవారకముందే దిగాలి. గీతలు పడ్డ అద్దాలు కూడా మార్చెయ్. పగలు తెలీదు, రాత్రి ఎదురు లైటు ఆ గీతల మీద పడితే అద్దమంతా తెల్లగా అలుక్కుపోతుంది.

ఇప్పుడు నా సంగతి. నాకు 39 ఏళ్లప్పుడు రెన్యువల్ కోసం ఒక డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన తల ఎత్తి నా మొహం చూడకుండానే సంతకం పెట్టాడు. నేనూ సంతోషంగానే వచ్చేశాను, పని తొందరగా అయిందని. ఆ తర్వాత మూడు నెలలకు పలమనేరు నుంచి మొగిలి ఘాట్ దిగుతున్నాను, రాత్రి పదకొండు దాటింది. ఎదురొచ్చే బండ్ల లైట్లు దూది విచ్చుకున్నట్టు పెద్ద పెద్ద గుండ్రాలుగా కనబడుతున్నాయి. మంచు అనుకున్నాను. పక్కన క్లీనరు పిల్లోడు, "అన్నా, ఈమధ్య బండిని చూసి చూసి గుంతల్లోకే దింపుతున్నావే" అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం వెన్నులో చలి పుట్టింది. ఎందుకంటే ఆ రోడ్డు మీద ఏ గుంత ఎక్కడుందో నాకు కంఠతా వచ్చు. నేను చూసి దింపడం లేదు, చూడకనే దింపుతున్నాను.

కంటి డాక్టర్ పరీక్షించి, కుడి కంటికి మైనస్ రెండు దాకా పవరు వచ్చిందన్నాడు. అద్దాలు రాస్తాడనుకున్నాను. రాయలేదు. "ఈ వయసులో చూపు ఇంత తొందరగా మారిందంటే ముందు రక్తం చూపించుకో" అన్నాడు. పరగడుపున షుగరు 240 వచ్చింది. షుగరు పెరిగితే కంటిలోని కటకం ఉబ్బి పవరు మారిపోతుందట. షుగరు అదుపులోకి వచ్చేదాకా అద్దాలు చేయించినా వృథా అన్నాడు. ఆరు వారాలు మందులు వాడి మళ్లీ వెళ్తే మైనస్ రెండు కాస్తా ముక్కాలుకు దిగింది. ఆ ఆరు వారాలూ బండి ఎక్కలేదు. ఇంట్లో గొడవైంది, ఓనరు వేరే మనిషిని పెట్టుకున్నాడు. అయినా నన్ను చూడకుండా డాక్టర్ సంతకం పెట్టిన ఆ కాగితం కంటే ఆ క్లీనరు పిల్లోడి మాటే నన్ను కాపాడింది.

రంగుల గురించి. రెండేళ్ల కిందట మదనపల్లె వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. బండి మీద చేయి బాగా కుదిరింది, రివర్సు అయితే నాకంటే బాగా తీసేవాడు. మాటల్లో ఒకసారి, టమోటా మార్కెట్లో వాళ్ల అమ్మ గ్రేడింగ్ పని నుంచి తనను ఎప్పుడూ తీసేసేదని చెప్పాడు. పండువీ దోరవీ కలిపేసేవాడట, అందరూ వాడిది బద్ధకం అనుకున్నారు. వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి పంపాను. చుక్కలతో అంకెలు వేసిన పుస్తకం ఒకటి ఉంటుంది, ఇషిహారా అంటారు, దానితో చూసి ఓ మోస్తరు వర్ణాంధత్వం ఉందని తేల్చారు. అదృష్టం ఏమిటంటే, 2020 జూన్‌లో కేంద్రం ఈ ఫారాలను మార్చింది. తక్కువ స్థాయి, మధ్య స్థాయి వర్ణాంధత్వం ఉన్నవాళ్లకు లైసెన్సు ఇవ్వొచ్చు. తీవ్రంగా ఉన్నవాళ్లకే అడ్డం. అబ్బాయికి లైసెన్సు వచ్చింది. కానీ సిగ్నల్లో పైది ఎరుపు, కిందది ఆకుపచ్చ అని స్థానాన్ని బట్టి చూడటం, ముందు బండి బ్రేకు లైటును రంగుతో కాకుండా వెలుతురు పెరగడాన్ని బట్టి గుర్తించడం వాడితో వారం రోజులు ప్రత్యేకంగా సాధన చేయించాను. నీకు అనుమానం ఉంటే ఆ పుస్తకం చూపించమని నువ్వే అడుగు, చాలా చోట్ల అడిగితేనే తీస్తారు.

మూర్ఛ ఉన్నవాళ్ల విషయంలో నేను మెత్తగా మాట్లాడను. ఫారం 1లో మొదటి ప్రశ్నే అది: మూర్ఛ గానీ, ఏ కారణం వల్లనైనా హఠాత్తుగా స్పృహ తప్పడం, తల తిరగడం గానీ ఉందా అని. ఒకబ్బాయి లేదని రాసి చేరాడు. వాళ్లమ్మ క్యారియర్ తెచ్చిన రోజు, "మాత్ర వేసుకున్నాడా సార్" అని నన్నడిగింది. అదే రోజు ఫీజు వెనక్కిచ్చి పంపించాను. తిట్టుకుంటూ వెళ్లాడు. తిట్టుకోనీ.

"ఏ కారణం వల్లనైనా" అన్న మాట దగ్గర ఆగి మీ నాయన సంగతికి వద్దాం. ఫారంలో షుగరు అనే మాట ఎక్కడా లేదు. కానీ షుగరు పడిపోయి కళ్లు తిరిగితే అది ఆ మాట కిందికి వస్తుంది. మనవాళ్లంతా షుగరు పెరగడం గురించే భయపడతారు. స్టీరింగ్ ముందు ప్రమాదం షుగరు పడిపోవడం. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చెమట, వణుకు, గుండె దడ, కారణం లేని చిరాకు, ఆపైన తికమక. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఇది అరుదు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు ఎక్కువ. మీ నాయన ఏం వాడుతున్నారో ముందు ఆ చీటీ చూడు. తాను డ్రైవరునని, తిండికి వేళాపాళా ఉండదని డాక్టర్‌కు చెప్పారో లేదో కూడా అడుగు. నూటికి తొంభై మంది చెప్పరు. చెబితే మందే మార్చి ఇచ్చే వీలుంటుంది.

నాతో పాటు గ్రానైటు తోలిన ఒకాయన సంగతి చెప్తాను. నాయుడుపేట దగ్గర ధాబాలో మాత్ర వేసుకుని చపాతీ చెప్పాడు. అంతలో లోడింగ్ పాయింటు నుంచి ఫోను, గేటు మూసేస్తారని. తినకుండా లేచాడు. గంటన్నర తర్వాత టోల్ గేటు దగ్గర బండి నిలిపి, డబ్బు ఇవ్వకుండా, ముందుకు పోకుండా స్టీరింగ్ పట్టుకుని కూర్చుండిపోయాడు. తాగాడనుకున్నారు. వెనక బండి డ్రైవరు ఒకాయన గుర్తుపట్టి చక్కెర నీళ్లు తాగించాడు. నిలిచిన బండి కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి నా సూత్రం: పళ్లెం ముందుకొచ్చాకే మాత్ర. క్యాబిన్‌లో గ్లూకోజు ప్యాకెట్టు, బిస్కెట్లు ఎప్పుడూ ఉండాలి. మన చిత్తూరు బెల్లం ముక్కైనా పర్వాలేదు గానీ గ్లూకోజు తొందరగా ఎక్కుతుంది. అనుమానం వస్తే బండి పక్కకు తీసి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. సర్దుకుందనిపించినా వెంటనే బయల్దేరకూడదు, ఏదైనా తిని, తల తేటపడేదాకా ఆగాలి.

రెన్యువల్‌కు వెళ్లే ముందు ఆయనకు మూడు చూపించు. మూడు నెలల సరాసరి షుగరు, దాన్ని హెచ్‌బీఏ1సీ అంటారు. కంటి లోపలి నరాల పొర, అంటే రెటీనా పరీక్ష. ఇది షుగరు ఉన్నవాళ్లు ఏడాదికోసారి చేయించుకోవాలి, నొప్పి ఉండదు, మొదట్లో చూపు బాగానే ఉంటుంది కాబట్టి ఎవరికి వాళ్లు కనిపెట్టలేరు. మూడోది పాదాలు. సన్నటి దారం లాంటి దానితో అరికాలు తాకి స్పర్శ ఉందో లేదో చూస్తారు. పాదం మొద్దుబారితే బ్రేకు ఎంత తొక్కామో తెలీదు. క్లచ్ మీద చెప్పు జారినా తెలీదు. లారీ పెడల్ కారు పెడల్ లాంటిది కాదు, గాలి బ్రేకును ఘాట్‌లో కొద్ది కొద్దిగా తాకుతూ దింపాలి, అదంతా అరికాలికి తెలియాలి. ఇంకో చిన్న విషయం: రెటీనా చూడటానికి కంట్లో చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు అంతా మసకగా ఉంటుంది. ఆరోజు ఆయన్ని బండి మీద పంపకు, నువ్వు తోడు వెళ్లు. ఎలాగూ వెళ్తావు కాబట్టి నీ కళ్లు కూడా అప్పుడే చూపించుకో. తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రి ఉంది, అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. పెద్ద ఖర్చని ఆగిపోవద్దు.

ఫారంలో లేనిది నిద్ర. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం, 2025 నవంబరులో కొత్త కార్మిక చట్టాలు దాని స్థానంలోకి వచ్చేదాకా, రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అంటూ వచ్చింది. ఐదు గంటల పనికి అరగంట విశ్రాంతి అంది. మన లైనులో దాన్ని ఎవరు పాటించారో నీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పేది గురక గురించి. మీ నాయన గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడతారా? పగలు కూర్చున్నచోటే తూగుతారా? అయితే అది అలసట కాకపోవచ్చు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కావచ్చు. దానికి వైద్యం ఉంది. ఇది మీ అమ్మనడిగితే తెలుస్తుంది, ఆయన్నడిగితే తెలీదు. జలుబు మాత్రల్లో కూడా చాలా వాటికి మత్తు ఉంటుంది. మెడికల్ షాపులో "డ్రైవర్ని" అని చెప్పి అడిగి తీసుకోవాలి.

సంతకం కొనుక్కోవడం గురించి నువ్వు అడగలేదు గానీ, అడగబోతావు. స్కూలు దగ్గరే ఎవడో ఒకడు "మెడికల్ మేం చూసుకుంటాం, ఫొటో ఇవ్వు చాలు" అంటాడు. ఫారం 1ఏలో డాక్టర్ సంతకం సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలని ఎందుకు పెట్టారంటే, ఒకరిని చూసి ఇంకొకరి ఫొటో అంటించకుండా ఉండటానికి. నేను స్వయంగా పరీక్షించాను అని డాక్టర్, అన్నీ నిజమే రాశాను అని నువ్వు, ఇద్దరూ రాసిచ్చే కాగితాలు అవి. రేపు ప్రమాదం జరిగితే ఆ ఏజెంటు ఎక్కడా కనబడడు, నీ సంతకం మాత్రం ఫైల్లో ఉంటుంది. పైగా జబ్బు బయటపడితే ఇచ్చిన లైసెన్సును మధ్యలోనే రద్దు చేసే అధికారం కూడా చట్టం ఇచ్చింది.

చివరగా తేదీలు. మీ నాయన కార్డు మీద రెండు చెల్లుబాటు తేదీలు ఉంటాయి. ఎన్‌టీ అని ఉన్నది సొంత బండికి, టీఆర్ అని ఉన్నది లారీకి. చాలామంది దూరంగా ఉన్న ఎన్‌టీ తేదీ చూసి ఇంకా బోలెడు టైముందని ధీమాగా తిరుగుతుంటారు. 2019 సెప్టెంబరు తర్వాత ఇచ్చిన టీఆర్ ఐదేళ్లకు, అంతకుముందువి మూడేళ్లకు. గడువు ముగిసే ఏడాది ముందు నుంచే రెన్యువల్ పెట్టుకోవచ్చు. గడువు దాటినా 30 రోజులు నడుస్తుందన్నది పాత రూలు, 2019లో అది పోయింది. మరుసటి రోజు నుంచే లైసెన్సు లేనట్టు లెక్క. ఏడాది దాటిపోతే మళ్లీ టెస్టు పెట్టి చూపించాలి.

ఈ రాత్రి ఆయన పర్సులోంచి కార్డు తీసి టీఆర్ తేదీ చూడు. దాటిపోయి ఉంటే రేపటి ట్రిప్పు ఆపించు. ఎన్ని నెలలు దాటిందో, షుగరుకు ఏ మాత్రలు వాడుతున్నారో ఇక్కడే రాయి, ఉత్త రెన్యువల్‌తో పోతుందో టెస్టు దాకా వెళ్తుందో చూసి చెప్తాను.